పసిఫిక్‌లో పల్లెవెలుగు

కాలిఫోర్నియాలో పిల్లల దగ్గర కొన్నాళ్లుండి హైదరాబాదు తిరిగొచ్చే తల్లిదండ్రులకు దారి గురించి ఆలోచించే పని ఉండదు. దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో పిల్లలే టికెట్లు తీస్తారు. మనం పాస్‌పోర్టు సంచీ మెడలో వేసుకుని వాళ్లు చెప్పిన గేటు దగ్గర కూర్చుంటాం. మధ్యలో తగిలే ఊరికి ఆకాశం ఉండదు. మెరిసే నేల, ఎత్తయిన అద్దాలు, ఏ దేశపు డబ్బులో రాశారో అర్థంకాని కాఫీ ధర, అంతే. ఈసారి తిరుగు ప్రయాణం నేనే వేస్తానని మావారు పట్టుబట్టారు. ఖమ్మం వైపు ఆర్టీసీ డిపోల్లో టైం టేబుళ్లూ డ్యూటీ చార్టులూ వేసి రిటైరైన మనిషి ఆయన. నేను హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పాను. ఇలాంటి ఇద్దరి చేతికి భూగోళం ఇవ్వకూడదు. మా అమ్మాయి ఇచ్చింది.

మనవడి బల్ల మీది గ్లోబు అది. శాన్‌ఫ్రాన్సిస్కో సుమారు 122 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది, హైదరాబాదు 78 డిగ్రీల తూర్పు మీద. తూర్పుగా తిరిగొస్తే 200 డిగ్రీలు, పడమరగా వస్తే 160. ఆ లెక్కన పసిఫిక్ వైపే ఇల్లు దగ్గర. కానీ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే అది తూర్పుకీ రాదు, పడమరకీ రాదు, ఉత్తర ధ్రువం పక్కకి జారుతుంది. బడిలో ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు నమ్మేవారు కాదు. మావారు నమ్మారు గానీ ఒప్పుకోలేదు. "దారిలో ఒక్క ఊరు లేదు. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ లేని రూటు ఎవరి కోసమోయ్?" అన్నారు.

ఆ తర్వాత ఆయన విమానాల కట్టుబాట్లలో మునిగిపోయారు. అంతర్జాతీయ ప్రయాణంలో ఒక ఊళ్లో 24 గంటల లోపు ఆగితే అది కనెక్షన్ అట, అంతకు మించితే స్టాపోవర్ అట. ఆ గీత దాటగానే టికెట్ లెక్కే మారిపోతుంది. ఒకే టికెట్ మీద ఉన్న రెండు విమానాల్లో మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే మనల్ని గమ్యం చేర్చే పూచీ సంస్థది. విడివిడిగా కొన్నామా, మన ఖర్మ. వీటన్నిటి మధ్యా ఆయనకు దొరికింది యునైటెడ్ వాళ్ల ఐలాండ్ హాపర్. హొనొలులులో పొద్దున్నే బయలుదేరి మజురో, క్వాజలీన్, కోస్రే, పోన్‌పే, చూక్ దీవుల్లో ఒక్కోచోట ముప్పావు గంట చొప్పున ఆగి, సాయంత్రానికి గ్వామ్ చేరే బోయింగ్ 737. ఈ రూటు 1968లో ఎయిర్ మైక్రోనేసియా పేరుతో మొదలైంది. అప్పట్లో కొన్ని రన్‌వేలు పగడపు గుల్ల పరిచినవే. ఆ గుల్ల ఎగిరి తగిలినా దెబ్బతినకుండా నాటి బోయింగ్ 727 పొట్టకి టెఫ్లాన్ పూత వేశారట. ఇప్పటికీ ఈ విమానంలో విడిభాగాలతో సహా ఒక మెకానిక్ కూడా ప్రయాణిస్తాడు. నడిసముద్రంలో ఏదైనా చెడిపోతే ఇంకో షెడ్డు లేదు మరి. ఇది చదివిన రాత్రి మావారికి నిద్రపట్టలేదు. "ఏమోయ్, ఇది పల్లెవెలుగు! అచ్చంగా పల్లెవెలుగు!" అంటూ నన్ను లేపారు.

అమ్మాయి మాత్రం దిగులు పడింది. "నాన్నా, అక్కడ ఏముందని?"

"బస్సు ఆగుతోందంటే ఏదో ఉండే ఉంటుందమ్మా."

చార్టు వేసే పద్ధతి డిపోలోదే. ఆ రోజు ఆఖరి బస్సుకు కనెక్షన్ పెట్టకూడదు. ఇక్కడ ఆఖరిది తప్పితే మరుసటిది మర్నాడు కాదు, రెండు మూడు రోజులకు. చీకటి పడ్డాక కొత్త ఊళ్లో దిగకూడదు. దిగిన ప్రతిచోటా కనీసం ఒక నైట్ హాల్ట్. వీటికి నేనొకటి కలిపాను: ఎక్కడో ఒకచోట ఏ పనీ రాయని రోజొకటి ఉండాలి. ఆయన డ్యూటీ చార్టులో ఖాళీ గడి చూడలేరు. పెద్ద చర్చే జరిగింది. చివరికి పోన్‌పేలో ఒక గడి ఖాళీగా వదిలారు, పెన్సిల్‌తో చిన్న చుక్క మాత్రం పెట్టుకున్నారు.

హొనొలులు గురించి నేను ఎక్కువ చెప్పను, చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. బిషప్ మ్యూజియంలో చూసిన ఒక వస్తువు దగ్గర మాత్రం కాళ్లు ఆగిపోయాయి. కొబ్బరి ఈనెల్లాంటి సన్నటి పుల్లలను అడ్డదిడ్డంగా కట్టి, అక్కడక్కడా గవ్వలు గుచ్చిన చట్రం. మార్షల్ దీవుల నావికుల సముద్రపటం. గవ్వలు దీవులు. వంగిన పుల్లలు అలలు: దూరాన్నుంచి వచ్చే పెద్ద అల దీవికి తగిలి ఎటు విరుగుతుందో, రెండు వైపుల నుంచీ వచ్చినవి ఎక్కడ కలుసుకుంటాయో చూపించేవి. దీన్ని పడవలోకి తీసుకెళ్లేవారు కాదు. ఒడ్డున కూర్చుని నేర్చుకోవడం, మనసులో పెట్టుకోవడం, దాన్ని ఇంట్లో వదిలి బయలుదేరడం. మావారు తన చొక్కా జేబులోని మడతపెట్టిన చార్టును ఒకసారి తడుముకున్నారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే విమానం లేచింది. ఎక్కినవాళ్లలో యాత్రికుల్లా కనిపించింది మేమూ, డైవింగ్ సంచులతో ఉన్న ఇంకో ఇద్దరూ. మిగతావాళ్లంతా ఇళ్లకు పోతున్నారు. ప్రతి కుటుంబానికీ ఒక ఐస్ బాక్సు, మూత చుట్టూ టేపు, దాని మీద పెద్ద అక్షరాలతో పేరూ దీవీ. వాటిలో మాంసం, వెన్న, మందులు, పుట్టినరోజు కేకు కూడా ఉంటాయని తర్వాత తెలిసింది. ఆడవాళ్ల తలల మీద పూలు. మనలా జడలో కాదు, నుదుటి మీదుగా తల చుట్టూ కిరీటంలా కట్టుకుంటారు.

నా పక్క సీటులో కోస్రే దీవి ఆవిడ కూర్చుంది. హొనొలులులో కంటి ఆపరేషన్ చేయించుకుని వెళుతోంది. కాసేపు నన్ను పరీక్షగా చూసి అడిగింది, "ఎక్కడ దిగుతారు?"

"పోన్‌పేలో."

"అక్కడ మీవాళ్లెవరు?"

మా అత్తగారి ఊళ్లో కొత్త మనిషి బస్సు దిగితే రచ్చబండ మీంచి వచ్చే మొదటి ప్రశ్న ఇదే. ఎవరి తాలూకు? సమాధానం లేకపోతే ఆ మనిషి దొంగైనా అయుండాలి, దారి తప్పినవాడైనా అయుండాలి. మాకెవరూ లేరు, ఊరికే చూడ్డానికి వెళుతున్నామన్నాను. ఆవిడ ముఖంలో మర్యాద చెదరలేదు గానీ జాలి మాత్రం దాచుకోలేకపోయింది. కాసేపటికి పేపరు నాప్‌కిన్ మీద ఒక పేరు రాసిచ్చింది. తన పినతల్లి కూతురు పోన్‌పేలో సంతలో కూరలమ్ముతుందట. "ఎవరైనా అడిగితే తన పేరు చెప్పండి."

మజురో చేరడానికి ఐదు గంటలు. ఈ మధ్యలో తేదీ రేఖ వస్తుంది. హొనొలులుకీ మజురోకీ గడియారం తేడా 22 గంటలు. శుక్రవారం పొద్దున బయలుదేరి శనివారం పొద్దున దిగుతాం. పంచాంగంలో క్షయతిథి చూసి పెరిగినవాళ్లం, ఒక సూర్యోదయం కూడా చూడకుండా తిథి జారిపోవడం మనకు వింత కాదు. కానీ మావారికి శనివారం ఒంటిపూట భోజనం. విమానంలో తిన్న ఉపాహారం ఏ వారం ఖాతాలో వెయ్యాలి? "గీత ఇవతల తిన్నాను, శుక్రవారమే," అని ఆయన తీర్పిచ్చి మధ్యాహ్నం భోజనానికి దారి వదిలిపెట్టుకున్నారు. క్వాజలీన్ వాళ్లకు ఇంతకన్నా పెద్ద చిక్కే వచ్చింది. మార్షల్ దీవుల దేశంలో మిగతా దీవులన్నీ రేఖకు ఒకవైపు, అమెరికా సైనిక స్థావరమున్న ఈ దీవి మాత్రం అమెరికా రోజులతో రెండోవైపు నడిచేది. 1993లో తేదీలు కలుపుకోవడానికి ఆగస్టు 21ని క్యాలెండర్ నుంచి తీసేశారు. ఆ రోజు పుట్టినరోజున్న పిల్లల సంగతేమిటో ఎవరైనా రాసి ఉంటే చదవాలని ఉంది.

మజురో కిటికీలోంచి కనిపించినప్పుడు అది నేల అని నమ్మడానికి సమయం పట్టింది. నీలంలో గీసిన సన్నటి తెల్లటి గీత, ఆ గీత మీదే ఊరు, బడి, చర్చి, రోడ్డు, రన్‌వే. ఒక రెక్క కింద ఆ గీత చుట్టుకున్న లోపలి నీళ్లు, లగూన్; మరో రెక్క కింద సముద్రం. మార్షల్ దీవుల మొత్తం నేల 181 చదరపు కిలోమీటర్లే, అదీ సముద్రంలో వందల మైళ్ల మేర చిన్న చిన్న ముక్కలుగా చెల్లాచెదురై ఉంది. సగటున నీటికి రెండు మీటర్ల ఎత్తు. కొండ అనే మాటకు అక్కడ చూపించడానికేమీ లేదు. దిగి కాసేపు నిలబడ్డాం. ఉప్పుగాలి, డీజిల్ వాసన, ఎవరో ఎవరి మెడలోనో గవ్వల దండ వెయ్యడం, ఏడుపూ నవ్వూ కలిసిన గోల. ఎదురొచ్చిన ప్రతివాళ్లూ కనుబొమలెత్తి పలకరించారు. తెలిసినవాళ్లమా కాదా అని చూసుకోవడం లేదు.

అక్కడి నుంచి క్వాజలీన్. దిగడానికి వీల్లేదని, ఫొటోలు తియ్యవద్దని ముందే చెప్పారు. అది అమెరికా సైన్యపు క్షిపణి పరీక్షల స్థావరం. అనుమతి ఉన్న కొద్దిమంది దిగారు, మిగతావాళ్లం సీట్లలో కూర్చున్నాం. స్థావరంలో పనిచేసే మార్షల్ దీవులవాళ్లు పక్కనే ఉన్న ఎబై దీవి నుంచి పడవలో రోజూ వచ్చి పోతారు. అర చదరపు కిలోమీటరు కూడా లేని ఆ దీవిలో వేలమంది ఉంటారు. ఈ అటోల్‌కి, అంటే పగడపు దీవుల వలయానికి, వాయవ్యంగా ఉంది బికినీ. 1946లో అక్కడి 167 మందిని కొంతకాలానికే అని చెప్పి పడవలెక్కించారు. 1958 దాకా బికినీ, ఎనివెటోక్ అటోల్‌లలో 67 అణు పరీక్షలు జరిగాయి. 1954 మార్చి 1న పేల్చిన బాంబు బూడిద రాంగెలాప్ దీవిలో వానలా కురిసింది. ఈ అంకెలు నేను పాఠంలో చెప్పినవే. ఆ దీవుల పిల్లలు నా వెనక సీటులో చిప్స్ తింటూ కూర్చున్నప్పుడు మాత్రం అవి పాఠంలోలా లేవు.

ఇంకో సంగతి. అమెరికాతో కుదిరి 1986లో అమల్లోకొచ్చిన ఒప్పందం వల్ల మార్షల్ దీవులవాళ్లూ మైక్రోనేసియావాళ్లూ వీసా లేకుండానే అమెరికాలో ఉండి పనిచేసుకోవచ్చు. మా అల్లుడు గ్రీన్‌కార్డు వరసలో ఏళ్లుగా నిలబడి ఉన్నాడు. ఇది విన్న కొత్తలో, అదృష్టవంతులు అనుకున్నాను. సముద్రమంత సైనిక హక్కు ఇచ్చి కొనుక్కున్న అదృష్టమని క్వాజలీన్‌లో ఆ ముప్పావు గంట కూర్చున్నాక అర్థమైంది.

కోస్రే పచ్చగా, నిటారుగా లేచింది. కొండల వరస చూస్తే పడుకున్న ఆడమనిషి ఆకారం తెలుస్తుంది. అక్కడివాళ్లు దాన్ని నిద్రిస్తున్న స్త్రీ అంటారు. రన్‌వే 1,800 మీటర్లు కూడా లేదు. శంషాబాద్‌లో అది 4,260. విమానం నేల తాకిన క్షణం నుంచి ఆగేదాకా మావారు ముందు సీటు గట్టిగా పట్టుకుని, ఆగాక పైలట్‌కి వినిపించకపోయినా "శభాష్" అన్నారు. నా పక్కావిడ ఒక కంటి మీద కట్టుతోనే పూల కిరీటం సర్దుకుని లేచింది. తొందరగా ఇంటికి పోవాలట. రేపు ఆదివారం, కోస్రేలో ఆదివారం ఎవరూ పని చెయ్యరు, వంటతో సహా అన్నీ ఇవాళే ముగించుకోవాలి. మెట్ల కింద ఆవిడ కోసం పదిమంది దాకా నిలబడి ఉన్నారు. మా చార్టులో కోస్రేకి ఎదురుగా రాసింది ముప్పావు గంట నిలుపుదల, అంతే. అటు చూస్తే ఈ విమానం వాళ్ల ఆసుపత్రి దారి, తపాలా, కాలేజీకి పోయిన పిల్లవాడు పండక్కి వచ్చే బండి, చనిపోయినవాళ్లు పుట్టిన మట్టికి చేరే బండి కూడా. ప్రయాణం వెయ్యడమంటే మనకు నచ్చిన చోట చుక్కలు పెట్టి గీత కలపడం అనుకున్నాం మేము. ఆ గీతను 1968 నుంచీ బతికించింది ఐస్ బాక్సులు. ఎక్కేవాళ్లు లేని రూటు ఎవరి కోసమని అడిగిన మనిషి నోరు మూసుకుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు.

పోన్‌పేలో వాన స్వాగతం చెప్పింది. చెప్పి వెళ్లిపోలేదు, ఉన్నన్నాళ్లూ మాతోనే ఉంది. కొలోనియా పట్నంలో ఏటా 4,500 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది, కొండల్లో ఇంకా ఎక్కువ. హైదరాబాదులో సగటున 800 దరిదాపుల్లో. మనకు వాన ఒక వార్త. వాళ్లు దాని గురించి మాట్లాడనే మాట్లాడరు, గొడుగు కూడా పట్టరు, తడిసి ఆరిపోతారు. ఈ ఊరిని స్పెయిన్ ఏలింది, 1899లో జర్మనీ కొనుక్కుంది, 1914లో జపాన్ తీసుకుంది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా చేతికొచ్చింది. స్పెయిన్ కట్టిన కోటగోడ పక్కనే పిల్లలు బేస్‌బాల్ ఆడుతున్నారు.

సంతలో నాప్‌కిన్ మీది పేరు చెప్పాం. అంతే, మేము ఎవరి తాలూకో తేలిపోయింది. ఆవిడ మమ్మల్ని ముందు కూర్చోబెట్టి అరటిపండు చేతిలో పెట్టింది. కరాట్ అనే రకం. గెల కిందికి వేలాడదు, ఆకాశం వైపు నిటారుగా నిలబడుతుంది. పండు లోపల నారింజ రంగు. వెనకటి తల్లులు పిల్లలకు మొదటి ముద్ద దీంతోనే పెట్టేవారు. దిగుమతి బియ్యం, డబ్బా మాంసం వచ్చాక కరాట్ పెరడు దాటలేదు, పిల్లల్లో విటమిన్ ఎ లోపం కనిపించింది. లోయిస్ ఎంగల్‌బర్గర్ అనే పోషకాహార పరిశోధకురాలు ఇక్కడే ఉండి, ఈ పండులో బీటా కెరొటిన్ ఎంతుందో తేల్చి, దాన్ని మళ్లీ సంతకి రప్పించింది. కొర్రలూ సామలూ మన బజారుకి తిరిగొచ్చిన వైనం గుర్తున్నవాళ్లకి ఈ కథ కొత్తగా ఉండదు. తేడా ఏమిటంటే కొర్రలకి మన దగ్గర ధర కూడా పెరిగింది.

సీమపనసకాయను నిప్పుల మీద కాల్చి, నల్లబడ్డ తొక్క గీకి, చీల్చి పెట్టారు. లోపల మెత్తగా, కొంచెం పుల్లగా ఉంది. పెండలం గురించి మాత్రం గట్టిగా మాట్లాడరు. మనం పెరట్లో అలవోకగా తవ్వుకునే పెండలమే, అక్కడ పరువు ప్రతిష్ఠలతో సమానం. నలుగురైదుగురు వాసానికి కట్టి మోసుకొచ్చేంత దుంపలు పెంచుతారట, ఎక్కడ పెంచుతున్నారో ఎవరికీ చెప్పరట. పక్కవాడి పెండలం పాదు వైపు చూడటం మర్యాద కాదు. విందులో చీఫ్ ముందు దించినప్పుడే అది అందరికీ కనిపించాలి.

ఆ సాయంత్రం వాళ్లింటి వెనక పాకలో సకావు దంచారు. బల్లపరుపు నల్లరాయి చుట్టూ నలుగురు మగవాళ్లు కూర్చుని చేతిరాళ్లతో సకావు మొక్క వేళ్లను దంచుతుంటే రాయి గంటలా మోగింది, లయ తప్పకుండా. దంచినదాన్ని మందార జాతి చెట్టు నారలో చుట్టి మెలితిప్పి పిండితే, చిక్కటి జిగురు ద్రవం కొబ్బరిచిప్పలోకి సాగుతూ దిగింది. మొదటి చిప్ప పెద్దవాడికి, ఆ తర్వాత వరస ప్రకారం. అక్కడ హోదా ఉన్న మనిషిని పేరుతో పిలవరు, ఆయనకిచ్చిన బిరుదుతోనే పిలుస్తారు. మావారిని నేను ఇన్నేళ్లలో పేరు పెట్టి పిలవలేదని చెబితే ఇంటావిడ ఎంతో మెచ్చుకుంది. ఆయన బిరుదేమిటని అడిగింది. "ఏవండీ" అని చెప్పాను. అదే పేరుతో ఆయనకి చిప్ప అందించారు. కళ్లు మూసుకుని తాగాలి. ఆయన తాగారు, నేను పెదవి తడుపుకున్నాను. బురదా మిరియాలూ కలిసిన రుచి, నిమిషంలో పెదవి తిమ్మిరెక్కింది. ఈ సకావు మొక్క మన తమలపాకుకీ మిరియానికీ దగ్గర చుట్టం, ముగ్గురిదీ ఒకటే ప్రజాతి. మత్తంటే తూలడం, అరవడం అనుకునే మనకి ఇది తికమక పెట్టే మత్తు. తాగినకొద్దీ మాటలు తగ్గుతాయి. చివరికి కప్పలూ వానా మాత్రమే మాట్లాడాయి.

నాన్ మడోల్ చూడ్డానికి పోటు వేళ చిన్న పడవలో వెళ్లాం. పగడపు దిబ్బ మీద మనుషులు కట్టిన వందకు పైగా చిన్న దీవులు, వాటి మధ్య కాలవలు. 1200 నుంచి 1500 మధ్య కాలంలో సౌదెలూర్ రాజులు ఇక్కడి నుంచి ఏలారు. 2016లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది, అదే రోజు ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి కూడా ఎక్కింది. మడచెట్ల వేళ్లు గోడలను విప్పుతున్నాయి. ఆ గోడలు బసాల్ట్ రాతివి. లావా చల్లారేటప్పుడు తనంతట తాను పలకలు తేలి స్తంభాలుగా విడిపోతుంది. ఆ స్తంభాలను చెక్కకుండానే, అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పేర్చుకుంటూ పోయారు. మన వికారాబాద్ గుట్టల కింద ఉన్నదీ ఈ జాతి రాయే. టన్నుల బరువున్న ఈ స్తంభాలను నీటి మీద ఎలా తెచ్చారంటే, పడవ నడిపే కుర్రవాడు ఇద్దరు మంత్రగాళ్లైన అన్నదమ్ములు గాల్లో తేల్చి తెచ్చారని చెప్పాడు. చెబుతూ నా ముఖం చూశాడు, నేను నవ్వుతానేమోనని. రామప్ప గుడి శిఖరానికి నీళ్ల మీద తేలే ఇటుకలు వాడిన ఊరి దగ్గర్నుంచి వచ్చినదాన్ని, నేనెందుకు నవ్వుతాను? చీకటి పడకముందే అక్కడి నుంచి కదలాలని తొందరపెట్టాడు. అక్కడ ఎవరూ రాత్రి ఉండరు.

ఇక మా ఖాళీ గడి రోజు. పొద్దుట మొదలైన వాన మధ్యాహ్నానికీ ఆగలేదు. మావారు వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరికి తిరిగారు, గడియారం చూశారు, చార్టు తీసి మళ్లీ మడిచారు. సాయంత్రానికి కుర్చీలో కుదురుకున్నారు. మైక్రోనేసియా నావికుల లెక్క ఒకటుంది, అది ఆయనకి ఆ వానలో చెప్పాను. పడవ నడుస్తోందని వాళ్లు అనుకోరు. పడవ నక్షత్రాల కింద కదలకుండా నిలబడి ఉంటుంది, దీవులే ఎదురొచ్చి పక్కనుంచి దాటిపోతాయి. కనిపించని ఒక దీవిని గుర్తుగా పెట్టుకుని, అది ఏ నక్షత్రం కిందికి జరిగిందో చూసి ఎంత దూరం వచ్చామో తేలుస్తారు. సతవాల్ దీవికి చెందిన మౌ పియాలుగ్ 1976లో దిక్సూచి కూడా లేకుండా హవాయి నుంచి తహీతి దాకా హొకులేయా పడవను చేర్చాడు. మావారు చాలాసేపు ఆలోచించారు. "అయితే బస్టాండులో కూర్చున్నవాడిదే అసలు ప్రయాణమన్నమాట. బస్సులన్నీ వాడి ముందు నుంచే పోతాయి." కంట్రోలర్ గదిలో ఏళ్ల తరబడి కూర్చున్న మనిషి. ఆ మాటలో కొంచెం గర్వం కూడా వినిపించింది.

మళ్లీ అదే విమానం, చూక్ మీదుగా. అక్కడి లగూన్ అడుగున 1944 ఫిబ్రవరిలో రెండు రోజుల దాడిలో మునిగిన జపాన్ ఓడలు నలభైకి పైగా ఉన్నాయి. మొదటి రోజు మాతో ఎక్కిన డైవింగ్ సంచులవాళ్లు అందుకోసమే ఇక్కడ దిగి ఉంటారు. ఓడల్లో మనుషులు కూడా మునిగారు గదా అని నాకు మనసొప్పలేదు. పైనుంచి చూస్తే నీళ్లు నీలం గాజులా ఉన్నాయి, ఏమీ కనిపించదు.

గ్వామ్ చేరాక మళ్లీ సిగ్నల్ లైట్లు, మాల్‌లు, అమెరికా. అది అమెరికా నేల, కానీ అక్కడివాళ్లు అధ్యక్షుడికి ఓటు వెయ్యలేరు. అక్కడి రాజధాని హగాత్న్యాలో బుధవారం రాత్రి సంతకి పోతే ఎర్రన్నం పెట్టారు. కుంకుమపువ్వు కాదు, జాఫ్రా గింజల రంగు. దాంతో నిమ్మరసం, కొబ్బరి, పచ్చిమిర్చి కలిపిన కోడి తురుము. మావారికి అమెరికా వెళ్లినప్పటి నుంచీ దొరకని కారం అది. పక్క బల్ల దగ్గర గ్వామ్ మూలవాసి, ఒక చమోరో పెద్దాయన వక్క కొరుకుతున్నాడు. మావారు ఆగిపోయారు. ఆయన సంచీ జరిపి వక్క, ఆకు, సున్నం ముందు పెట్టాడు. మావారు ఆకు ఈనె తీసి, వెనకవైపు సున్నం రాసి, వక్క పెట్టి మడిచిన తీరు చూసి పెద్దాయన గట్టిగా నవ్వి చుట్టుపక్కల నలుగురినీ పిలిచాడు. ఇద్దరికీ అర్థమయ్యే ఇంగ్లీషు ముక్కలు కొన్నే. అయినా పెళ్లిళ్లలో ఎవరికి ముందు తాంబూలం ఇవ్వాలో చాలాసేపు చర్చించుకున్నారు.

గ్వామ్ అడవిలో నన్ను కలవరపెట్టింది నిశ్శబ్దం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఓడ సరుకులో దాక్కుని వచ్చిన గోధుమరంగు చెట్టుపాము అడవి పక్షులను దాదాపు తినేసింది. పక్షులు పోయాక సాలెగూళ్లు పెరిగాయి. పాముల్ని చంపడానికి పారాసెటమాల్ మాత్ర కుక్కిన చచ్చిన ఎలుకలను హెలికాప్టర్ల నుంచి అడవిలో జారవిడిచారు. బయటికి వెళ్లే సరుకును కుక్కలతో వాసన చూపిస్తారు, ఆ పాము ఇంకో దీవికి పోకుండా. ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఏది ఎక్కాలో ఏది ఎక్కకూడదో ఎవరో ఒకరు చూసుకుంటూ ఉండాలి. ఆ కుక్కల్లో ఒకటి సామాన్ల మధ్య ఎంత శ్రద్ధగా తిరుగుతోందో మావారు చాలాసేపు చూశారు. "చెకింగ్ ఇన్‌స్పెక్టర్" అన్నారు.

గ్వామ్ నుంచి మనీలా, మనీలా నుంచి సింగపూర్, అక్కడి నుంచి శంషాబాద్. ఆ మూడు విమానాలూ సమయానికే నడిచాయి, చెప్పుకోవడానికి ఏమీ లేదు.

పోన్‌పే నుంచి తెచ్చింది మిరియాల పొట్లాలు మాత్రమే. అక్కడి మిరియాలకి మంచి పేరుంది, తోటలు ఇప్పుడు తక్కువ. మా వదినకి ఒక పొట్లం ఇచ్చి, ఎక్కడెక్కడ ఆగి వచ్చాయో మావారు పటం పరిచి మరీ చెప్పారు. ఆవిడ అంతా ఓపిగ్గా విని, చారులో వేసి, రెండు గరిటెలు పోసుకుని రుచి చూసింది.

"బాగానే ఉన్నాయిరా. కానీ పాడేరు మిరియాలంత ఘాటు లేదు."